ఎఱ్ఱనార్యుని ధర్మాధర్మ వివేచనము

ఒంగోలు నుండి పొదిలి వైపు పోవు బాటలో సుమారు 20 కిలోమీటర్ల దూరమున చీమకుర్తి కలదు. నేడు ఆ పేరు వినినంతనే లోకులకు స్ఫురించునది అచ్చటి కొండరాయి. కాటుకవంటి నలుపులో నక్షత్రములవలె మెఱయు చుక్కలుగల ఆ శిలను పలకలుగా కోసి ఓడలపై దేశాంతరములకు పంపుచున్నారు. కాని ఆ రాతికి గిరాకి కలుగుటకు ఎన్నో వందల యేండ్లకు పూర్వమే ఈ సీమనుండి తెలుగుదేశమంతటికి చేరిన సంపద వేఱొకటి యున్నది. నల్లమలలో పుట్టి, కంభము చెరువును నింపి, అద్దంకి నేలను తడిపి, మల్లవరము మీదుగా సముద్రమును చేరు గుండ్లకమ్మ ఈ ప్రాంతమునకు జీవనాడి. ఒంగోలునకు ఉత్తరముననున్న చదలవాడలో కవిత్రయమున మూడవవాడగు ఎఱ్ఱాప్రగడ నివసించెనని పెద్దలు చెప్పుదురు. చీమకుర్తి మొదలు అద్దంకి వఱకు గల పల్లెలలో భారతము చదువుకొను గృహస్థులకు ఆయన దూరపు మహాకవి కాడు, పొరుగువాడు.

ఎఱ్ఱన పాకనాటివాడు. జన్మస్థానము గుడ్లూరని పలువురి యభిప్రాయము. శ్రీవత్సగోత్రుడు, ఆపస్తంబసూత్రుడు. తండ్రి సూరనార్యుడు, తల్లి పోతమాంబ. పితామహుడగు ఎఱ్ఱపోత సూరి పేరే మనుమనికి వచ్చినది. గురువు శంకరస్వామి యను శైవయోగి. ఆ గురుసేవ చేతనే కాబోలు ఎఱ్ఱనకు శంభుదాసుడను నామాంతరము కలిగినది. ప్రబంధపరమేశ్వరుడను బిరుదము ఆయన కవిత్వమునకు దక్కినది. బాల్యమును గూర్చిగాని విద్యాభ్యాసమును గూర్చిగాని విస్తరించి చెప్పవలసిన పని లేదు. పూర్వకవులు తమ గ్రంథములకు పీఠికలు వ్రాసికొనిరి గాని తమ జీవితములకు వ్రాసికొనలేదు.

ఆయన జీవించిన కాలము మాత్రము చెప్పి తీరవలసినది. క్రీ.శ. 1323లో ఓరుగల్లు పడిపోయెను. ప్రతాపరుద్రుడు శత్రువుల చేత జిక్కి ఢిల్లీకి కొనిపోబడుచు నర్మదాతీరమున దేహము చాలించెను. కాకతీయుల నీడన నిశ్చింతగా బ్రతికిన అగ్రహారములు చెదరిపోయెను. దేవాలయములలో దీపము పెట్టువారు లేక, పండితులకు వృత్తులు లేక, ఎవరికి మొఱ పెట్టుకొనవలెనో తెలియని దినములవి. అట్టి సమయమున అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి రాజ్యము స్థాపించెను. సుమారు 1325 నుండి 1353 వఱకు ఆయన పాలనమని చరిత్రకారులు నిర్ణయించిరి. అన్యాక్రాంతమైన అగ్రహారములను ఆయన తిరిగి బ్రాహ్మణులకు ఇప్పించెను. శ్రీశైలమునకును అహోబలమునకును మెట్లు కట్టించెను. శైవక్షేత్రమునకు ఒక సోపానపంక్తి, వైష్ణవక్షేత్రమునకు ఒక సోపానపంక్తి. నాటి ప్రభువుల మనస్సు ఎట్టిదో ఈ రెండు కట్టడములే చెప్పుచున్నవి. వేమారెడ్డి తమ్ముడు మల్లారెడ్డి మూలముగా ఎఱ్ఱన ఆ సభకు చేరెను. రాజునకు రామాయణమును, హరివంశమును అంకితము చేసెను.

దేశము అల్లకల్లోలమైనప్పుడు కవికి ఒక ప్రలోభము కలుగును. శత్రువును రాక్షసునిగాను, తనవారిని దేవతలుగాను చిత్రించి, చెడు యావత్తు సరిహద్దునకు ఆవలనే యున్నదని చెప్పుట సులభము. వినువారును అదియే కోరుదురు. ఎఱ్ఱన ఆ దారి పట్టలేదు. ఆయన చేపట్టిన కథలలో చెడు ఎచ్చటనుండియో దండెత్తి రాదు. అది ఇంటిలోనే పుట్టును, ఒకే పీటమీద భుజించును, ఒకే తల్లిని అమ్మా యని పిలుచును. ఆయన అరణ్యపర్వశేషమును చూచిన వారికి ఈ విషయము విశదమగును.

పదునొకండవ శతాబ్దిలో రాజమహేంద్రవరమున నన్నయభట్టు రాజరాజనరేంద్రుని కొఱకు మహాభారతమును ఆరంభించి, అరణ్యపర్వమున నాల్గవ ఆశ్వాసములో శరద్రాత్రులను వర్ణించుచు నిలిపివేసెను. పదుమూడవ శతాబ్దిలో నెల్లూరి తిక్కన సోమయాజి ఆ కొఱతను ముట్టక, విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు పూర్తిచేసెను. ఆ మిగిలిన భాగమును ముట్టినవారికి ఆపద కలుగునను భయము జనులలో నుండెనని చెప్పుదురు. ఎఱ్ఱన దానిని పూరించెను. పూరించి, తన ప్రభువునకు అంకితమీయక, నన్నయ వ్రాసినట్లుగనే రాజరాజనరేంద్రునకు అంకితము చేసెను. మూడువందల యేండ్ల క్రిందట మరణించిన రాజు ఒక కాసు ఈయగలడా? ఒక కవి పని చెడకుండ మఱొక కవి ఇంత అడకువతో దానిని ముగించుట లోకమున అరుదు.

ఆ శేషభాగమున ఏ కథలున్నవో గమనింపవలెను. కౌశికుడను విప్రుడు తపస్సు చేసికొనుచుండగా చెట్టుపై కొంగ రెట్ట వేసెను. ఆయన కోపముతో చూడగా ఆ పక్షి మాడి చచ్చెను. భిక్షకు పోయిన ఇంటిలో భర్తకు సేవచేయుచున్న ఇల్లాలు ఆలస్యము చేసినందుకు ఆమెపైనను కన్నెఱ్ఱ చేయబోగా, తాను కొంగను కానని ఆ సాధ్వి తెలియజెప్పి, మిథిలలో మాంసము విక్రయించు ధర్మవ్యాధునికడ ధర్మము నేర్చుకొనుమని పంపెను. వేదము చదివినవాడు కసాయి యంగడి ముందు నిలుచుండి ధర్మసూక్ష్మము వినెను. ఆ కసాయి తన వృద్ధులైన తల్లిదండ్రులను దేవతలవలె కొలుచుచుండెను. మంచి చెడులు కులమును బట్టిగాని, వృత్తిని బట్టిగాని, వేషమును బట్టిగాని నిలుచునవి కావని దీనికన్న గట్టిగా చెప్పిన కథ మఱొకటి లేదు.

ఘోషయాత్ర కథయు ఎఱ్ఱన పాలబడినదే. అడవిలో నారచీరలతోనున్న పాండవులకు తన వైభవము చూపి ఏడిపింపవలెనని దుర్యోధనుడు ద్వైతవనమునకు పోయి, గంధర్వుడగు చిత్రసేనునిచేత పట్టువడెను. ధర్మరాజు తమ్ములను పంపి అతనిని విడిపించెను. తమలో తాము నూర్గురు ఐదుగురు అయినను, పరులతో పోరునప్పుడు నూట ఐదుగురని తెలుగువారందఱును నేటికిని చెప్పుకొను మాటకు మూలము ఇదియే. ఆ తరువాతి ఘట్టమును మాత్రము జనులు అంతగా తలంపరు. శత్రువు దయచేత బ్రతికి వచ్చితినను సిగ్గుతో దుర్యోధనుడు రాజ్యమును దుశ్శాసనున కప్పగించి, దర్భలపై కూర్చుండి ప్రాయోపవేశమునకు పూనుకొనెను. ఆ రాత్రి దైత్యులు అతనిని పాతాళమునకు రప్పించుకొని, నీ గెలుపు నిశ్చయమని నమ్మబలికి మరల పంపిరి. తెల్లవాఱుసరికి అతడు పూర్వపు దుర్యోధనుడే. ఒక్క రాత్రి మాత్రము ఆ హృదయమున తలుపు కొంచెము తెఱచుకొనినది. దానిని మూసివేసినవారు పగవారు కారు, అతని మేలు కోరితిమని చెప్పుకొనినవారే.

సైంధవుని కథ ఇంతకన్న కఠినము. దుస్సల భర్తయగు సైంధవుడు, పాండవులు వేటకు పోయిన సమయమున ఆశ్రమమునకు వచ్చి ద్రౌపదిని బలాత్కారముగా రథమెక్కించుకొని పోయెను. భీమార్జునులు వెంటాడి పట్టుకొనిరి. వానిని చంపుమనియే ద్రౌపది మొదట కోరినది. దుస్సల విధవ కాకూడదు, గాంధారి దుఃఖింపకూడదు అని ధర్మరాజు వారించెను. భీముడు వానితల గొఱిగి అయిదు జుట్లు మిగిల్చి ఈడ్చుకొని రాగా, ధర్మరాజు ముఖము చూచి ద్రౌపదియే విడువుమనెను. సైంధవుడు సిగ్గుతో గంగాద్వారమునకు పోయి శివుని గూర్చి తపస్సు చేసి, అర్జునుడు తప్ప తక్కిన పాండవులను ఒక్క దినము అడ్డగించు వరము పొందెను. ఆ ఒక్క దినమే పద్మవ్యూహములో అభిమన్యుడు ఒంటరియై కూలెను.

దీనిలో విశేషమొకటి కలదు. ఎఱ్ఱన సైంధవుని విడిపించు ఘట్టమును వ్రాయునాటికి, తిక్కన అభిమన్యుని మరణమును తెలుగున వ్రాసి యుండెను. దయ చూపినందుకు ఏ మూల్యము చెల్లింపవలసి వచ్చునో కవికిని తెలియును, చదువువారికిని తెలియును. అయినను ధర్మరాజు దయ తెలివితక్కువ యని తోచునట్లు మూలకథ త్రిప్పబడలేదు. అట్లని ఆ దయకు ఫలితము మంచిదే యనియు చెప్పలేదు. సుభద్ర కడుపుకోతకు జవాబేమని ఎవరైన అడిగినచో, ధర్మరాజు నోట మాట రాదు. దుస్సల యైనను చివఱకు విధవ కాక తప్పలేదు. చెడ్డవానిని క్షమించిన గృహము ఏదియైనను ఈ లెక్కను నేటికిని వేసికొనుచునే యున్నది. కొడుకును వెలివేయలేని తల్లి, అల్లుని పోలీసులకు పట్టింపలేని మామ, తమ్ముని అప్పు మరల మరల తీర్చు అన్న, వీరందఱును ఆ ఆశ్రమపు వాకిటిలో నిలుచున్నవారే.

ఇంక నృసింహపురాణము. దీని పుట్టుకను గూర్చి ఆ గ్రంథపు పీఠికలోనే కలదు. పితామహుడగు ఎఱ్ఱపోత సూరి స్వప్నమున కనబడి, విష్ణుకథ రచింపుమని మనుమని ఆజ్ఞాపించెను. ఎఱ్ఱన ఐదు ఆశ్వాసముల కావ్యము రచించి, ఏ రాజునకును కాక, అహోబల నృసింహస్వామికే అంకితము చేసెను. వేమారెడ్డి ఆ కొండకు రాతిమెట్లు కట్టించెను, ఆయన కవి పద్యముల మెట్లు కట్టెను. శంభుదాసుడను పేరుగలవాడు నరసింహుని కథ వ్రాయుటేమని శంకించు వైష్ణవులు ఉండవచ్చును. తాత చెప్పిన మాట మనుమడు జవదాటలేదనుటయే దానికి తగిన సమాధానము. పోతనామాత్యుడును శివపూజ చేయు ఇంటనే పుట్టి భాగవతము తెలిగించెను. ఆ పోతనకు సుమారు నూఱేండ్లకు ముందే ప్రహ్లాదుని భక్తిని తెలుగున విస్తారముగా కీర్తించినవాడు ఎఱ్ఱన.

తిరుమంగై ఆళ్వారులు పాడిన దివ్యదేశమగు అహోబలమునకు ఈ సీమనుండి పోవు యాత్రికులకు నరసింహుడు దారిపొడవునను కనబడును. అద్దంకికడ సింగరకొండపై లక్ష్మీనరసింహుడు, గుడ్లూరు ప్రాంతమున శనివారమునాడు మాత్రమే దర్శనమిచ్చు మాలకొండ స్వామి, ఉత్తరమున మంగళగిరి పానకాలస్వామి. ఉగ్రమూర్తిని ఇంటిదేవునిగా కొలుచుకొను నేల యిది. పిల్లలకు నరసింహులనియు, సింగయ్య యనియు పేరు పెట్టుకొనువారు ఆ గోళ్లకు భయపడుట లేదు.

భయపడవలసినది హిరణ్యకశిపుని చూచియే. అతడు మూఢుడని తలంచుట పొరపాటు. తమ్ముడగు హిరణ్యాక్షుడు వరాహమూర్తిచేత హతుడైనప్పుడు, ఏడ్చుచున్న తల్లిని, మఱదలిని అతడు ఓదార్చిన తీరు భాగవతమున సప్తమస్కంధమున కలదు. ఆత్మకు చావు లేదనియు, దేహముకొఱకు దుఃఖింపరాదనియు, సుయజ్ఞుడను రాజు కథ చెప్పి వేదాంతము బోధించెను. అందులో ఒక్క యక్షరమును తప్పు లేదు. కాని అదే నోటితో అనుచరులకు, గోబ్రాహ్మణులున్న చోట్లను తగులబెట్టుడని ఆజ్ఞ యిచ్చెను. శాస్త్రము చదివినవారు ఈ ఘట్టమును ఏటేట ఒకసారి చదువుకొనుట మంచిది. జ్ఞానము నాలుకమీద ఉండగా చేయి పాపము చేయగలదు.

అట్టివాని ఇంటనే ప్రహ్లాదుడు పుట్టెను. ఒకే రక్తము, ఒకే కులము, ఒకే అన్నము. మఱియు వెనుకకు పోయి చూచినచో, హిరణ్యకశిపుడును పరాయివాడు కాడు. వైకుంఠద్వారమున కావలియున్న జయవిజయులలో ఒకడు సనకాదుల శాపముచే ఆ జన్మ మెత్తెను. స్వామికి ప్రతిగా వేఱొక స్వామి, మంచికి ఎదురుగా అంతటి బలముగల మఱొక చెడుదేవుడు అను భావన కొన్ని దేశముల మతములందు కలదు. ప్రాచీన పారసీకులు వెలుగునకు ఒక ప్రభువును, చీకటికి ఒక ప్రభువును చెప్పిరి. మన పురాణమున ఆ శత్రువు స్వామి వాకిటి బంటు. దారి తప్పినవాడు, తిరిగి రావలసినవాడు.

విష్ణుపురాణమున మఱొక సంగతి కలదు. విషముచేతను, పాములచేతను, ఏనుగులచేతను, అగ్నిచేతను ప్రహ్లాదుడు చావకపోగా, పురోహితులు కృత్యను సృష్టించి అతనిపైకి పంపిరి. ఆ కృత్య బాలుని ఏమియు చేయజాలక తిరిగి ఆ పురోహితులనే చంపెను. ప్రహ్లాదుడు వారి శవములకడకు పరుగెత్తి, తనను చంపవచ్చినవారియందును తనకు ద్వేషము లేకున్నచో ఆ సత్యముచేత వీరు బ్రతుకుదురు గాక యని ప్రార్థించెను. వారు లేచిరి. స్తంభము చీలుటను అందఱును ఎఱుగుదురు. ఈ ఘట్టమును ఎఱిగినవారు తక్కువ. భాగవతమున కథ ముగియునప్పుడు స్వామి వరము కోరుమనగా, ఆ బాలుడు తండ్రి పాపము తొలగవలెనని కోరెను. ఇరువది యొక్క తరములవారితో గూడ నీ తండ్రి పవిత్రుడయ్యెనని స్వామి సెలవిచ్చెను.

నాటకశాలలో ఈ ముగింపు నిలుచుట కష్టము. తంజావూరు సీమలోని మెలట్టూరులో తెలుగు భాగవతులు పదునెనిమిదవ శతాబ్దినాటి వేంకటరామశాస్త్రిగారి ప్రహ్లాదచరిత్రమును నేటికిని నరసింహజయంతికి ఆడుచున్నారు. నరసింహుని ముఖకవచమును పూజలో నుంచి, ఆ పాత్రధారి ఉపవాసముండి ధరించును. అచ్చట నాటకమును ఆరాధనమును వేఱుగా లేవు. తెలుగున 1932లో వచ్చిన తొలి టాకీచిత్రము సయితము భక్తప్రహ్లాదయే. 1967లో వచ్చిన భక్తప్రహ్లాదలో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడుగా నటించెను. రోజారమణి బాలప్రహ్లాదుడు. చూచి వచ్చినవారు ప్రహ్లాదుని పాటలు కూనిరాగముగా తీసినను, మీసము దువ్వి అనుకరించినది మాత్రము హిరణ్యకశిపునే. 1977లో దానవీరశూరకర్ణ వచ్చెను. కొండవీటి వెంకటకవి సంభాషణలు వ్రాయగా, ఎన్.టి. రామారావు కృష్ణుడుగాను, కర్ణుడుగాను, సుయోధనుడుగాను తానే నటించెను. ఆ సుయోధనుని మాటలను కంఠస్థము చేసి, తిరునాళ్ల వేదికలమీద అప్పగించు బాలురు ఊరూర వెలసిరి. పెద్దలు కొందఱు దానికి నొచ్చుకొనిరి. చెడ్డవానిని ఇంత ఠీవిగా చూపవచ్చునా యని వారి ప్రశ్న.

ఆ ప్రశ్నలో న్యాయము కొంత కలదు, అంతయు లేదు. చెడు అంద వికారముగా, పండ్లు బయటపెట్టుకొని వచ్చినచో దానిని ఎవడైనను గుర్తించును. అది కిరీటము పెట్టుకొని, గంభీరముగా మాటాడుచు, అన్యాయము జరిగినది తనకేనని వాదించుచు వచ్చును. ఆ వాదమును విని ఎదిరింప నేర్చినవాడే ఎదిరించినట్లు. రంగస్థలమువారు చేయు లోపము వేఱు. వారు దర్భలపై కూర్చున్న దుర్యోధనుని చూపరు. శవములకడ మోకరిల్లిన ప్రహ్లాదుని చూపరు. గదయు గోళ్లును చూపి తెర దించుదురు. చప్పట్లు కొట్టి ఇంటికి పోయిన ప్రేక్షకునకు చెడు అంతయు ఆ వేదికమీదనే చచ్చినదను తృప్తి మిగులును. తన వీథిలో, తన పొలము గట్టుకడ, తన నోట అది బ్రతికియే యున్నదని తోపదు.

ఎఱ్ఱన కడపటి దినములను గూర్చి చెప్పుకొనదగిన కథలు ఏవియు లేవు. హరివంశము నిలిచినది, నృసింహపురాణము నిలిచినది, నన్నయ పేరిట వ్రాసిన అరణ్యపర్వశేషము నిలిచినది. వేమారెడ్డి కంకితమైన రామాయణము మాత్రము నేడు లభించుట లేదు. చదలవాడలో రఘునాయకస్వామి ఆలయము కలదు. ఆ స్వామి కొలువున్న ఊర నివసించిన కవి రామాయణమే లేకుండపోవుట ఈ సీమవారికి తీఱని వెలితి.

అయినను అరణ్యపర్వమున మార్కండేయుడు ధర్మరాజునకు చెప్పిన రామకథ ఎఱ్ఱన తెలిగించినదే కావున, ఆయన రామకథ కోరువారు అచ్చట చదువుకొనవచ్చును. మూలభారతమున ఆ కథలో అవింధ్యుడను వృద్ధరాక్షసుడు కలడు. వాల్మీకి రామాయణము మాత్రమే చదివినవారిలో పెక్కురకు అతడు అంతగా పరిచితుడు కాడు. ఇంద్రజిత్తు మరణించిన నాడు రావణుడు కత్తి దూసి సీతను చంపబోగా, ఈ ముసలివాడు అడ్డుపడి ఆపెను. యుద్ధము ముగిసిన పిదప విభీషణునితో గూడి సీతను లంకనుండి రాముని యెదుటికి తోడ్కొని వచ్చినవాడును ఆ అవింధ్యుడే.